సెడానా, ఎత్తు బండా? అనంతపురం దారుల్లో మీ కారును మీరే తేల్చుకునే పద్ధతి

అనంతపురంలో ఈమధ్య ఎవరింట్లో కారు మాట వచ్చినా "ఏ ఎస్‌యూవీ చూస్తున్నారు?" అనే అడుగుతున్నారు. ఎస్‌యూవీ అంటే ఎత్తు బండి. ఎత్తు తక్కువగా ఉండి, వెనక డిక్కీ వేరే పెట్టెలా బయటికి సాగి ఉండే సెడాన్ పేరు ఎవరి నోటా రావడం లేదు. పెనుకొండ దగ్గర 2019 నుంచి నడుస్తున్న కియా ఫ్యాక్టరీలో తయారయ్యే సెల్టోస్, సోనెట్, కారెన్స్‌లలో ఒక్కటీ సెడాన్ కాదు. రోడ్డు మీద కనబడేవీ అవే, చుట్టాలు కొనేవీ అవే. కళ్లకు ఏది అలవాటైతే మనసు దానివైపే పోతుంది.

నేను పదకొండేళ్లుగా సెడాన్ నడుపుతున్నాను. నాకు ఆ బండంటే ప్రాణం. అయినా అందరూ సెడానే కొనాలని నేననను. చూడకుండానే పక్కన పెట్టేయొద్దు, వద్దనుకుంటే కొలిచి చూసి వద్దనుకోండి అంటాను. పోయిన ఏడాది మా ఇంట్లోనూ, కదిరి దగ్గర పల్లెలో ఉండే మా అన్న ఇంట్లోనూ ఒకే నెలలో కార్లు మార్చాల్సి వచ్చింది. అప్పుడు మేం పాటించిన పద్ధతి ఇది. దీనికి కావలసినవి ఒక నోటుబుక్కు, ఒక టేపు, రెండు ఆదివారాలు, ఇంట్లోవాళ్లంతా.

1. ముందు నెల రోజుల దారి రాసిపెట్టండి

షోరూంకు పోయేముందు చేయాల్సిన పని ఇది. ఒక నెలపాటు బండి తీసిన ప్రతిసారీ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మూడు వరుసల్లో రాయండి: ఊళ్లో, హైవే మీద, మట్టిబాటలో. మా లెక్క ఇలా తేలింది. పిల్లల కోసం బెంగుళూరుకు రెండుసార్లు పోయొచ్చాం. పోనూ రానూ నాలుగు విడతలు, విడతకు సుమారు 210 కిలోమీటర్లు, అంటే 840 దాకా హైవేనే. ఊళ్లో 250. కదిరి వైపు మా పల్లెకు ఒకసారి పోతే అందులో మట్టిబాట అంతా కలిపి ఆరు కిలోమీటర్లు.

మనం మామూలుగా ఆ ఆరు కిలోమీటర్లను తలుచుకుని కారు కొంటాం. బండి బతుకంతా గడిచేది మాత్రం 44వ నంబరు జాతీయ రహదారి మీద.

హైవే వరుసలో పెద్ద సంఖ్య వచ్చినవాళ్లు సెడాన్‌ను తప్పకుండా చూడాలి. దానికి కారణం ఉంది. గాలి బండిని వెనక్కి నెట్టే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో పోయేటప్పటి కంటే 100లో పోయేటప్పుడు ఆ బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎత్తుగా, నిలువుగా ఉండే ముఖం ఎక్కువ గాలిని తోసుకుంటూ పోవాలి. సెడాన్ ఎత్తు తక్కువగా ఉండి, వెనక తోక సాగి ఉంటుంది కాబట్టి గాలి దానిమీద సాఫీగా జారిపోతుంది. అదే ఇంజను, అదే బరువు ఉన్న రెండు బండ్లలో హైవే మైలేజీ సెడాన్‌కే ఎక్కువ రావడం ఇందువల్లే.

అడ్డగాలి సంగతి మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? రామగిరి గుట్టల మీద, ఉరవకొండ వైపు అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో ఆ గాలి పక్కనుంచి కొడుతుంటే, లారీని దాటి బయటికి వచ్చిన క్షణంలో ఎత్తు బండి ఒక్క విదిలింపు విదులుతుంది. స్టీరింగు గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది. సెడాన్‌లో ఆ కుదుపు చాలా తక్కువ. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాటులోనూ ఇదే తేడా తెలుస్తుంది. మలుపుల్లో బండి పక్కకు ఒరిగేది తక్కువైతే వెనక సీట్లో పిల్లలకు వాంతులూ తక్కువే.

2. వెనక సీట్లో ఎక్కి దిగేదెవరో చూడండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇదే. సెడాన్ ఓడిపోతే ఇక్కడే ఓడిపోతుంది.

మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. రెండు మోకాళ్లూ అరిగినాయి. మొదటి ఆదివారం ఒక సెడాన్ వెనక డోరు తెరిచి "ఎక్కమ్మా" అన్నాను. వీపు సీటు వైపు తిప్పింది, ఎడమచేత్తో డోరు అంచు పట్టుకుంది, ఒక్కసారిగా కూలబడినట్టు కూర్చుంది. తల తగలకుండా మెడ వంచింది. తర్వాత కుడికాలిని మోకాలి కింద రెండు చేతులతో పట్టుకుని లోపలికి ఎత్తిపెట్టుకుంది. ముఖంలో మాత్రం నవ్వే. దిగేటప్పుడు ముందు సీటు వీపు పట్టుకుని రెండుసార్లు ఊగి, మూడోసారి లేచింది. "కూర్చునేది బాగానే ఉంది నాయనా, లేసేకే చేతకాలేదు" అంది. ఆ ఒక్క మాట విన్నాక బ్రోచర్‌లో ఇంకేమి చూడాలి?

అందుకే ఈ పరీక్ష ఇలా చేయండి. పెద్దవాళ్లను మూడుసార్లు వరసగా ఎక్కి దిగమనండి. మొదటిసారి కొత్తకారు సంబరంలో ఏ నొప్పీ బయటపడదు. మూడోసారికి నిజం తెలుస్తుంది. చెయ్యి ఎక్కడ ఆసరా వెతుక్కుంటోంది, కాలును చేత్తో ఎత్తుకోవాల్సి వస్తోందా, లేచేటప్పుడు ఎన్నిసార్లు ఊగుతున్నారు, ఈ మూడూ గమనించండి. వాళ్లను అడిగితే "ఏం పర్లేదు" అనే అంటారు. అడగొద్దు, చూడండి.

ఇంకో కొలత ఉంది. పెద్దాయననో పెద్దమ్మనో డోరు తెరిచిన కారు పక్కన నిలబెట్టి, సీటు అంచు వాళ్ల కాలికి ఎక్కడ వస్తోందో చూడండి. తొడ మధ్య నుంచి పిరుదుల కింది దాకా ఎక్కడ వచ్చినా మంచిదే, పక్కకు జరిగి కూర్చోవచ్చు. మోకాలి దగ్గరికి దిగిపోతే లేవడం కష్టం. పిరుదులు దాటిందంటే అది ఎక్కడం కాదు, గోడ దూకడం. ఎత్తు బండి ఏదైనా పెద్దవాళ్లకు హాయి అనుకుంటారు గానీ, బొలేరో, స్కార్పియో, థార్ లాంటి వాటిలోకి చీరకట్టుతో ఒక పెద్దామె ఎక్కడం ఎంత యాతనో చూసినవాళ్లకు తెలుసు. మోకాళ్లకు సుఖం మధ్య ఎత్తులోనే ఉంది. చిన్న ఎస్‌యూవీలు, కాస్త పొడవుగా నిలబడే హ్యాచ్‌బ్యాక్‌లు (వెనక తోక లేని చిన్న కార్లు) ఆ ఎత్తులో ఉంటాయి.

మా చిన్నప్పుడు పెళ్లిళ్లకు తిరిగిన అంబాసిడర్ కూడా సెడానే. దాని సీటు ఇంట్లో సోఫా అంత ఎత్తుగా, పైకప్పు పంచె తలపాగాకు కూడా తగలనంత పైన ఉండేది. 2014లో దాని తయారీ ఆగిపోయింది. కొత్త తరం సెడాన్లలో కంపెనీలు అందం కోసం కప్పును కిందికి దించాయి, సీటునూ దించాయి. మోకాళ్ల కష్టం సెడాన్ జాతిలో పుట్టింది కాదు, ఇప్పటి ఆకారంలో పుట్టింది.

వెనక సీటు కుదరకపోతే ఆశ వదిలేయకుండా ముందు సీటులో కూడా ఇదే పరీక్ష పెట్టండి. ముందు డోరు నోరు వెడల్పుగా ఉంటుంది, సీటును పూర్తిగా వెనక్కి జరపొచ్చు, కాళ్లు తిప్పడానికి చోటుంటుంది. మా అమ్మ ముందు సీట్లోంచి ఒక్క ఊపుకు లేచింది. మా ఇంటి తీర్పు అక్కడే సగం అయిపోయింది.

ఇంట్లో ఆరడుగుల మనిషి ఉంటే వెనక కూర్చోబెట్టి తల కప్పుకు తగులుతోందా చూడండి. వెనక మధ్యలో కూర్చునే మూడో మనిషికి కింద గూని ఎంత అడ్డొస్తోందో కూడా చూడండి. తిరుపతి దాకా ఆ మధ్యసీటులో కూర్చోవాల్సింది ఎప్పుడూ ఇంట్లో చిన్నకోడలే. ఆమెను అడిగి రాసుకోండి.

3. డిక్కీని లీటర్లతో కాదు, మూటలతో కొలవండి

"ఎస్‌యూవీ అయితే సామాను పడుతుంది" అనే మాట ఒకసారి అంకెల్లో చూద్దాం. 4 మీటర్ల లోపు సెడాన్లలో మారుతీ డిజైర్ డిక్కీ 382 లీటర్లు, కొత్త హోండా అమేజ్‌ది 416. అంతే పొడవున్న ఎస్‌యూవీల్లో బ్రెజాది 328, నెక్సాన్‌ది 382. పెద్ద సెడాన్లకు పోతే హోండా సిటీ 506, వర్చూస్, స్లావియా 521, వెర్నా 528. క్రెటా 433 దగ్గర ఆగుతుంది. ఎర్టిగాలో మూడో వరుసలో మనుషులుంటే మిగిలేది 209 లీటర్లే. ఏడుగురు తిరుపతికి పోతే సంచులన్నీ ఒళ్లోనే.

అంకెల్లో సెడాన్ గెలిచినట్టే. కానీ లీటరు మూట కాదు. సెడాన్ డిక్కీ లోతుగా పొడవుగా ఉంటుంది గానీ నోరు ఇరుకు. మూత కిందికి దిగేటప్పుడు దాని ఇనప చేతులు లోపలికి వచ్చి సూట్‌కేసును నొక్కుతాయి. 25 కేజీల కర్నూలు సోనా బియ్యం మూట దాంట్లోకి ఎత్తాలంటే ముందు అంచు దాటించాలి, తర్వాత కిందికి దించాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లు బయటికి తీసేటప్పుడు తిట్టుకుంటారు. ఎత్తు బండిలో అయితే వెనక డోరు మొత్తం పైకి లేస్తుంది, సీటు మడిస్తే ఫ్రిజ్ కూడా పడుకుంటుంది. మా అన్న బుడ్డల (వేరుశనగ) మూటలు, డ్రిప్పు పైపులు, మోటారు స్టార్టరు వేసుకుని తిరిగే మనిషి. ఆయనకు సెడాన్ ఈ మెట్టులోనే కొట్టుకుపోయింది.

మాకు కావలసింది వేరు. మాకు డిక్కీ వేరే గది కావడమే మేలు. మామిడిపండ్లు, ఉల్లిగడ్డలు, పచ్చళ్ల జాడీలు ఏవి పెట్టినా వాసన లోపలికి రాదు. లేపాక్షి దగ్గర బండి ఆపి గుడి చూసి వచ్చేలోపు లోపల ఏముందో ఎవరికీ కనబడదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సామాను వెనకవాళ్ల తలమీదికి ఎగిరి రాదు.

సీఎన్‌జీ సెడాన్ తీసుకోవాలనుకుంటే మాత్రం డిక్కీ మూత తెరిచి చూడకుండా అడ్వాన్సు కట్టొద్దు. చాలావాటిలో సిలిండరే సగం చోటు తినేస్తుంది. టాటా టిగోర్‌లో రెండు చిన్న సిలిండర్లు అడుగున పడుకోబెట్టారు కాబట్టి కాస్త నయం.

షోరూంకు పోయేటప్పుడు మీ ఇంట్లో పెద్ద సూట్‌కేసు, ఒక నిండు మూట తీసుకుపోండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

4. కింద ఎత్తును మనుషులతో నింపి కొలవండి

కంపెనీలు చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఉండే ఎత్తు, చాలావరకు ఖాళీ బండిది. మా పాత సెడాన్‌తో ఈ పాఠం నేర్చుకున్నాను. మా పల్లె మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. పిల్లలను కాపాడుకోవడానికి ఊరివాళ్లే సిమెంటుతో పోసుకున్నారు. అడుగు వెడల్పు, గుర్రపు వీపులాగా నిక్కి ఉంటుంది. నేనొక్కడినే పోతే ఏనాడూ తగల్లేదు. ఒక సంక్రాంతికి ఐదుగురం ఎక్కాం, డిక్కీలో సామాను. ముందు చక్రాలు దిగినాయి, సరిగ్గా బండి మధ్యభాగం దానిమీద కూర్చుంది. గిన్నె అడుగు గరిటెతో గీకినట్టు శబ్దం వచ్చింది. దిగి వంగి చూస్తే సిమెంటు మీద తెల్లటి గీత, బండి కింద రేకు మీద వేలు పట్టేంత సొట్ట.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు మీద 10 సెంటీమీటర్ల ఎత్తే ఉంటుంది. దాని మీద ఏ సెడానూ గీరుకోదు. మన పల్లెల్లోవి ఆ లెక్కతో పోసినవి కావు.

ఇక్కడ బ్రోచర్ చెప్పని చిన్న లెక్క ఒకటుంది. గ్రౌండ్ క్లియరెన్స్‌ను వీల్‌బేస్‌లో (ముందు, వెనక చక్రాల మధ్య దూరంలో) సగంతో భాగించండి. బండి పొట్ట తగులుతుందా లేదా అనేది ఎత్తు ఒక్కటే తేల్చదు, రెండు చక్రాల మధ్య దూరం కూడా తేలుస్తుంది. డిజైర్ ఎత్తు 163 మిల్లీమీటర్లు, వీల్‌బేస్ 2450. భాగిస్తే 0.133. వర్చూస్ ఎత్తు 179, వినడానికి చాలా ఎక్కువ. కానీ వీల్‌బేస్ 2651. భాగిస్తే 0.135. అంటే నిక్కిన బ్రేకర్ మీద ఆ రెండూ దాదాపు ఒకటే. నెక్సాన్ ఎత్తు 208, వీల్‌బేస్ 2498. భాగిస్తే 0.167. తేడా అంటే అది.

ఆ తర్వాత టేపు తీయండి. సమతలంగా ఉన్న చోట ఖాళీ బండికి వెనక చక్రం పైనున్న అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించి మళ్లీ కొలవండి. ఎంత దిగిందో అంత ఎత్తు మీకు లేనట్టే లెక్క. మెత్తటి స్ప్రింగుల బండి ఎక్కువ దిగుతుంది. కొన్ని సెడాన్లు చేతులెత్తేసేది ఇందుకే.

సెడాన్ తీసుకున్నవాళ్లు నేర్చుకోవాల్సిన అలవాటు ఒకటుంది: నిక్కిన బ్రేకర్ కనబడితే బండిని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రం ఎక్కించి దించడం. ఎదురుగా బండి రానప్పుడే చేయాలి. ఒకవేళ గీరుకుంటే పక్కకు ఆపి ఐదు నిమిషాల తర్వాత కింద నూనె చుక్కలు పడుతున్నాయేమో చూడకుండా కదలొద్దు.

వంకలో నీళ్లు పారుతుంటే ఏ బండైనా ఆగాల్సిందే. ఎత్తు బండి ఉందనే ధైర్యం ప్రాణాల మీదికి తెస్తుంది.

5. 4 మీటర్ల గీత తెలుసుకోండి

2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు, డీజిలైతే 1500 సీసీ లోపు ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. ఈ గీత దాటితే 40 శాతం. డిజైర్, అమేజ్, ఆరా, టిగోర్ గీతకు ఇవతల, సిటీ, వెర్నా, వర్చూస్, స్లావియా అవతల. అందుకే చిన్న సెడాన్ల తోక కోసేసినట్టు పొట్టిగా ఉంటుంది. నా కంటికి ఆ ఆకారం ఇప్పటికీ పూర్తిగా ఆనలేదు. డబ్బుల దగ్గర మాత్రం అది సరైన ఎంపికే. ఒకే ధరలో చిన్న ఎస్‌యూవీ మధ్యరకం మోడలు, చిన్న సెడాన్ పైరకం మోడలు వస్తుంటే రెండు ఆన్‌రోడ్ ధరలూ పక్కపక్కన రాయించుకోండి.

"ఎత్తు బండి అయితేనే భద్రం" అనే మాటకు మాత్రం డబ్బులు పెట్టొద్దు. కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో 2023లో స్లావియా, వర్చూస్, వెర్నా, 2024లో కొత్త డిజైర్ ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. భద్రం బండి కట్టడంలో ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ బోల్తాపడే అవకాశం పెరుగుతుందనేది కూడా గుర్తుండాలి.

6. టెస్ట్ డ్రైవ్ దారి మీరే చెప్పండి

ఒక షోరూంలో మమ్మల్ని నున్నటి రోడ్డు మీద ఒకటిన్నర కిలోమీటరు తిప్పి, "బాగుంది కదా సార్" అన్నారు. మా అమ్మ రిసెప్షన్‌లోనే కూర్చుని ఉంది. అలాంటి టెస్ట్ డ్రైవ్‌కు ఒప్పుకోవద్దు. కనీసం నలుగురు ఎక్కాలి. దారిలో నాలుగు పనులు జరగాలి: క్లాక్ టవర్ దగ్గర ఇరుకులో తిప్పడం, హైవే ఎక్కి లారీని దాటడం, పగిలిన రోడ్డు మీద నెమ్మదిగా పోవడం, మీకు తెలిసిన చెడ్డ స్పీడ్ బ్రేకర్ దాటడం. హైవే మీద కాసేపు మీరు వెనక కూర్చోండి. డ్రైవరు సీటు అన్ని బండ్లలోనూ బాగానే ఉంటుంది.

వీలైతే మధ్యాహ్నం పూట పోండి. మన ఎండకు ఉదయం పది గంటల టెస్ట్ డ్రైవ్ ఏమీ చెప్పదు. ఎండలో నిలిపిన బండి ఎక్కి, వెనక కూర్చున్నవాళ్లకు చల్లగాలి ఎన్ని నిమిషాలకు తగులుతోందో చూడండి. సెడాన్ వెనక అద్దం ఏటవాలుగా తలల దాకా వస్తుంది, సాయంత్రం పడమటి ఎండ నేరుగా మెడ మీద పడుతుంది. వెనక ఏసీ గొట్టాలు లేని సెడాన్ మన జిల్లాలో తీసుకోవద్దనే అంటాను. ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

7. ఇప్పుడు నోటుబుక్కు తెరవండి

మట్టిబాట వరుస పెద్దదై, సామాను మూటల్లో ఉంటే ఎత్తు బండే. పెద్దవాళ్లు ముందు సీట్లో కూడా ఊగకుండా లేవలేకపోతే, హైవే ఎంత ఉన్నా సెడాన్ వదిలేయండి, నాలాగా ప్రాణం పెట్టుకున్నవాళ్లైనా సరే. కారు ఊళ్లోనే తిరిగి, మనుషులు ముగ్గురే అయితే ఈ గొడవంతా ఎందుకు, మంచి హ్యాచ్‌బ్యాక్ చాలు. హైవే సగం దాటి, అమ్మానాన్నలు మూడోసారి కూడా సులువుగా లేచి, నిండు బండి మీ దారిలో గీరుకోకపోతే, చుట్టాలు ఏమన్నా సెడాన్ తీసుకోండి.

మా అన్న చిన్న ఎస్‌యూవీ తీసుకున్నాడు. నేను మళ్లీ సెడానే తీసుకున్నాను, 4 మీటర్ల లోపుది. అమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది. వెనక్కి జరిపిన ఆ సీటును ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో నియమం. పల్లెకు పోయినప్పుడు ఆ గుర్రపు వీపు బ్రేకర్ ఇప్పటికీ అక్కడే ఉంది. దానికి పది అడుగుల ముందు బండి ఆపుతాను. మా అబ్బాయి, అల్లుడు దిగి నడుస్తారు. వెనక భాగం రెండు వేళ్లు పైకి లేస్తుంది. ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రం దించుతాను. అవతల వాళ్లు మళ్లీ ఎక్కుతారు, అమ్మ కొంగులోంచి బొరుగులు తీసి వెనక్కి అందిస్తుంది.